మాస్ట్ ఎక్కే సామాను: దిగడం చూసి కొనండి

తెరచాప పడవ కొన్నవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న ఇది: మాస్ట్ (తెరచాపను మోసే నిలువు స్తంభం) ఎక్కడానికి ఏం కొనాలి? ఎంత బలం కావాలి, ఎంతసేపు పడుతుంది, ఒక్కరే ఎక్కగలరా అని అందరూ ఎక్కడం గురించే అడుగుతారు. దిగడం ఎలా అని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. పైన పని అయ్యేసరికి చేతులు పీకుతుంటాయి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, మధ్యాహ్నం గాలి మొదలై ఉంటుంది. అప్పుడు మనల్ని కిందికి ఎలా తెస్తుందన్నదే ఏ సామానుకైనా అసలు పరీక్ష. నేను వాడినవన్నీ ఆ లెక్కలోనే చూశాను, ఈ రివ్యూ కూడా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

మా పడవ క్యాటలినా 30. సియాటిల్‌లో బాలర్డ్ పక్కన షిల్‌షోల్ బే మరీనాలో ఉంటుంది. 1970ల మధ్య నుంచి 6,000కు పైగా తయారైన మోడల్ కాబట్టి నేను చెప్పే కొలతలు చాలామందికి దగ్గరగానే ఉంటాయి. డెక్ నుంచి మాస్ట్ కొసకు దాదాపు 40 అడుగులు. మా ఇంట్లో ఎక్కేది నేను. మా ఆయన కింద వించ్ దగ్గర, అంటే తాడు చుట్టి తిప్పి లాగే డ్రమ్ము దగ్గర ఉంటారు. నా బరువు 58 కిలోలు, ఆయనది 84. ఎవరిని ఎవరు లాగాలన్నది ఆ లెక్కే తేల్చింది.

అసలు ఎక్కడం ఎందుకంటారా? కొసన లైటు ఉంటుంది, గాలి దిక్కు చూపే బాణం ఉంటుంది, రేడియో యాంటెన్నా ఉంటుంది. వీటికంటే ముఖ్యం, మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు వైర్లు పైన ఎక్కడ బిగించి ఉన్నాయో ఆ చోటు. అక్కడి పిన్నులు, వాటికి అడ్డం పెట్టిన కాటర్ పిన్నులు ఏడాదికొకసారైనా దగ్గర నుంచి చూడాలి. బైనాక్యులర్స్‌తో కింద నుంచి తుప్పు మరక కనిపిస్తుంది కానీ, వైరు ఫిట్టింగులోకి దూరే చోట ఒక్క పోగు తెగి పైకి లేచిందా అన్నది కనిపించదు. మాస్ట్ కూలడం ఆ ఒక్క పోగు తెగడంతోనే మొదలుకావచ్చు. మాస్ట్, వైర్ల పని చేసే రిగ్గర్‌ను పిలిపించుకుంటే తప్పేమీ లేదు. పెద్ద పనులకు మేమూ పిలుస్తాం. కానీ నా పడవ కొసన ఏముందో నా కళ్ళతో చూసుకున్నాకే నాకు బయటికి వెళ్ళబుద్ధవుతుంది.

మొదట అందరూ కొనేది బోసన్ చెయిర్. మందపాటి గుడ్డతో కుట్టిన కుర్చీ అది. అడుగున ఒక పలక, పక్కలకు పనిముట్లు పెట్టుకునే జేబులు. ముందు వైపు పట్టీలు ఛాతీ దగ్గర ఒక రింగులో కలుస్తాయి. ఆ రింగుకు హాల్యార్డ్‌ను, అంటే తెరచాపను పైకి లాగే తాడును కడతాం. కింద ఉన్నవాళ్ళు వించ్ తిప్పుతుంటే మనం పైకి లేస్తాం. సౌకర్యంలో దీన్ని మించింది లేదు. గంటసేపు కూర్చున్నా కాళ్ళు మొద్దుబారవు. స్క్రూడ్రైవర్, టేపు, కొత్త బల్బు అన్నీ చేతికందే చోట ఉంటాయి. కొనేటప్పుడు ఒకటి చూడండి. పట్టీ కుర్చీ అడుగు కింద నుంచి చుట్టి వచ్చిందా, లేక పక్కనే కుట్టి వదిలేశారా? అడుగు నుంచి చుట్టి వచ్చినదే తీసుకోండి. నడుముకు, కాళ్ళ మధ్యకు పట్టీలు లేని కుర్చీని అసలు తీసుకోవద్దు. స్ప్రెడర్ (మాస్ట్ మధ్యలో వైర్లను ఎడంగా ఉంచే అడ్డకమ్మీ) తగిలి ఒక పక్కకు ఒరిగితే ఆ పట్టీలే మనిషిని కుర్చీలో ఉంచుతాయి.

కుర్చీతో ఉన్న అసలు ఇబ్బంది పైకి వెళ్ళాక తెలుస్తుంది. రింగు ఛాతీ దగ్గర ఉంటుంది, ముడి వెళ్ళి కప్పీకి ఆనుకోగానే ఆగిపోతాం. అప్పటికి మాస్ట్ కొస మన ముఖానికి ఎదురుగానో ఇంకా పైనో ఉంటుంది. బల్బేమో దాని నెత్తిమీద ఉంటుంది. చేయి పైకి చాచి, కంటికి కనిపించని స్క్రూను వేళ్ళతో తడుముతూ తిప్పాలి. ఆ స్క్రూ జారితే 40 అడుగుల కింద డెక్ మీద ఒకసారి ఎగిరి నీళ్ళలో పడుతుంది.

కుర్చీతో దిగడం పూర్తిగా కింద ఉన్నవాళ్ళ చేతిలోని పని. మా ఆయన వించ్ మీద నాలుగు చుట్లు ఉంచుతారు. దించేటప్పుడు ఎడమ అరచేయి చాపి చుట్ల మీద అదిమి పెట్టి, కుడిచేత్తో తాడు కొస పట్టుకుని అంగుళం అంగుళం వదులుతారు. ఒక్క చుట్టు కూడా తీయరు. తాడు డ్రమ్ము మీద జారుతూ కిర్రుమంటుంది, నేను మెల్లగా కిందికి వస్తాను. నమ్మకమైన మనిషి కింద ఉంటే ఇంతకంటే హాయిగా దిగే పద్ధతి లేదు. ఆ మనిషి కొత్తవాడైతే మాత్రం కుర్చీ ఎంత ఖరీదుదైనా లాభం లేదు. కరెంటు వించ్ మీద మనిషిని లాగడానికి నేను ఒప్పుకోను. బటన్ నొక్కే వేలికి పైన తాడు ఎంత బిగిసిందో తెలియదు. చేత్తో తిప్పేవాళ్ళకు హ్యాండిల్ బరువెక్కగానే తెలిసిపోతుంది.

ఇంకో మాట. హాల్యార్డ్ చివర ఉండే స్నాప్ షాకిల్ అనే కొక్కేనికి మనిషిని తగిలించకూడదు. అది చాప కోసం చేసింది, చిన్న పిన్ను లాగితే చాలు తెరుచుకుంటుంది. తాడునే నేరుగా కుర్చీ రింగుకో హార్నెస్‌కో (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలు) బోలైన్ అనే బిగుసుకోని ఉచ్చు ముడితో కట్టి, కొస పొడుగ్గా వదిలి దాన్ని మళ్ళీ ముడి వేయాలి. తాడు మధ్య పోగు డైనీమా అనే సింథటిక్ దారమైతే ఇంకా జాగ్రత్త. అది చాలా నున్నగా ఉంటుంది, ముడి జారే గుణం దానికుంది. మనల్ని మోసే తాడు మాస్ట్ లోపలి కప్పీ మీదుగా వచ్చేదై ఉండాలి. కొసకు బయట షాకిల్‌తో వేలాడే కప్పీ మీదుగా వచ్చే తాడైతే మన ప్రాణం ఒక చిన్న షాకిల్ మీద ఉన్నట్టే. తాడు కప్పీ ఎక్కి మళ్ళీ కిందికి వచ్చి డెక్ మీద బిగిసి ఉంటుంది కాబట్టి కప్పీ మీద పడే బరువు మన బరువుకు రెండింతలు. నేను 58 కిలోలే అయినా కప్పీకి నేను 116 కిలోలు.

నిచ్చెనల గురించి ఎక్కువ చెప్పను. మాస్ట్ మేట్ అని గట్టి పట్టీతో కుట్టిన నిచ్చెన ఒకటి దొరుకుతుంది. దాన్ని మాస్ట్ వెనుక మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) జారే గాడిలో ఎక్కించి హాల్యార్డ్‌తో పైకి లాగితే ఎడమ, కుడి అడుగులు మార్చి మార్చి వేసుకుంటూ మెట్లెక్కినట్టు ఎక్కొచ్చు. చివరి రెండు మెట్లు సమానంగా ఉంటాయి కాబట్టి కొస దగ్గర రెండు కాళ్ళ మీద నిలబడొచ్చు. దిగడం కూడా సులువే, మెట్లే కదా. మా పడవలో దాన్ని వాడాలంటే ముందు మెయిన్‌సెయిల్‌ను గాడిలోంచి పూర్తిగా తీసేయాలి, మళ్ళీ ఎక్కించాలి. పది నిమిషాల పనికి అంత తతంగం నాకు నచ్చలేదు. చాప ఎలాగూ తీసేసే చలికాలంలో పని పెట్టుకునేవాళ్ళకు మంచి వస్తువే. నిచ్చెన మనల్ని పట్టుకోదు, నిలబెడుతుంది అంతే. హార్నెస్, రెండో తాడు దానికీ కావాల్సిందే. మాస్ట్‌కు రివెట్లతో బిగించే మడత మెట్లదీ ఇదే మాట. పైగా వాటికోసం మాస్ట్ నిండా రంధ్రాలు వేయాలి, తాళ్ళు వాటిలో చిక్కుకుంటాయి.

ఒంటరిగా పడవ నడిపేవాళ్ళలో ఏటీఎన్ కంపెనీ మాస్ట్‌క్లైంబర్‌కు మంచి పేరుంది. మా డాక్ మీద ఒకాయనకు ఉంటే అడిగి తీసుకుని వాడాను. హాల్యార్డ్ కొసను డెక్‌కు కట్టి వించ్‌తో బిగించాలి. ఆ తాడు మీద రెండు పట్టులు, అంటే పైకి జరిగి బరువు పడితే కిందికి జారని పరికరాలు ఉంటాయి. ఒకటి కుర్చీకి, ఇంకొకటి రెండు పాదాల ఉచ్చులకు. పాదాల మీద లేచి కుర్చీ పట్టును పైకి జరపాలి, కుర్చీలో కూర్చుని పాదాల పట్టును జరపాలి. గొంగళిపురుగు నడకే. తాడు బిగువుగా ఉండటంతో ఊగడం తక్కువ, అది దీని గొప్పతనం. కొస దగ్గర పాదాల మీద నిలబడితే తల మాస్ట్ కంటే పైకి వస్తుంది. బల్బు స్క్రూ నా కళ్ళ ముందు ఉండటం నాకు అప్పుడే మొదటిసారి. ఒక్కరే ఎక్కగలగడం, కింద ఎవరి మీదా ఆధారపడకపోవడం చిన్న విషయం కాదు.

దిగేటప్పుడు మాత్రం అదే నడకను తిరగేసి చేయాలి. లేచి నిలబడి బరువు తీసి పై పట్టు కొంచెం దింపు, కూర్చుని కింది పట్టు కొంచెం దింపు. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో దిగడానికీ దాదాపు అంతసేపు పడుతుంది, బలమూ అంతే ఖర్చవుతుంది. అలసిపోయిన మనిషిని మళ్ళీ అంత పని చేయమనే సామాను నాకు వద్దనిపించింది. దృఢంగా ఉన్నవాళ్ళకు, కింద సాయం లేనివాళ్ళకు ఇది మంచి ఎంపికే అని ఇప్పటికీ చెబుతాను.

నేను చివరికి కొనుక్కున్నది కొండలెక్కేవాళ్ళ సామాను. ఒక క్లైంబింగ్ హార్నెస్, పెట్జెల్ అసెన్షన్ అనే చేతి పట్టు (మన దగ్గర కొండలెక్కేవాళ్ళు దీన్ని జూమర్ అంటారు), దానికి వేలాడే పాదాల ఉచ్చు, పెట్జెల్ గ్రిగ్రి అనే తాడును నొక్కి ఆపే పరికరం, మూడు లాక్ అయ్యే క్యారబీనర్లు (లోహపు కొక్కేలు), 10.5 మిల్లీమీటర్ల సెమీస్టాటిక్ తాడు 20 మీటర్లు. హార్నెస్, తాడు, క్యారబీనర్లు అన్నీ కలిపి నాకు 400 డాలర్లు దాటింది. తాడుకు ఈఎన్ 1891 టైప్ ఏ ముద్ర ఉంది. తాళ్ళ మీద వేలాడి పని చేసేవాళ్ళ కోసం పెట్టిన యూరప్ ప్రమాణం అది. ఆ తాడు పెద్దగా సాగదు.

ప్రత్యేకంగా తాడెందుకు, హాల్యార్డ్ ఉందిగా అని అడుగుతారు. అసెన్షన్ లోపల తిరిగి తాడును నొక్కే క్యామ్ అనే ముక్కకు సన్నటి ముళ్ళుంటాయి. అవి తాడు పైతొడుగులోకి దిగి పట్టుకుంటాయి. రోజూ చాపను లాగే హాల్యార్డ్ తొడుగును ఆ ముళ్ళకు అప్పజెప్పడం ఎందుకు? పైగా కొన్ని హాల్యార్డ్‌లలో తొడుగు ఒకటి, లోపలి పోగు ఇంకొకటి. తొడుగును పట్టుకుంటే అది లోపలి పోగు మీద జారుతుంది. అందుకే హాల్యార్డ్‌తో నా తాడును పైకి పంపుతాను. తాడు చివర ఎనిమిది అంకె ముడి, దాంట్లోంచి హాల్యార్డ్‌తో బోలైన్, ముడి కప్పీకి జానెడు కింద ఆగాలి. హాల్యార్డ్ రెండో కొస వించ్ మీద నాలుగు చుట్లు, ఆపైన క్లీట్ అనే తాడు కట్టే కొమ్ము మీద. తాడును నొక్కి పట్టే రోప్ క్లచ్ ఒక్కదాన్నే నమ్మి వదిలేయను.

ఎక్కే పద్ధతి ఇది. గ్రిగ్రి నా హార్నెస్ ముందు లూపుకు ఉంటుంది, తాడు దాంట్లోంచి వెళుతుంది. దానిపైన తాడు మీద అసెన్షన్. మోకాలు మడిచి అసెన్షన్‌ను పైకి తోస్తాను. పాదం ఉచ్చులో నొక్కి లేచి నిలబడతాను. ఆ క్షణంలో గ్రిగ్రి మీద బరువుండదు కాబట్టి వదులైన తాడును దాంట్లోంచి లాగేస్తాను, కూర్చుంటాను. గ్రిగ్రిలోని క్యామ్ తిరిగి తాడును నొక్కుతుంది, చిన్న కుదుపుతో ఆగుతాను. మళ్ళీ తోయడం, లేవడం, లాగడం, కూర్చోవడం. ఒక్కో లేవడానికి ఒకటిన్నర అడుగు దాకా దొరుకుతుంది. చేతులతో లాక్కుంటే పది అడుగుల్లోనే అయిపోతారు. లేవాల్సింది కాలి బలంతో, చేయి నిలకడ కోసమే. గ్రిగ్రి నుంచి వచ్చే తాడును అసెన్షన్‌కు తగిలించిన చిన్న కప్పీ మీదుగా తిప్పుకుంటే కిందికి లాగొచ్చు, అప్పుడు ఇంకా తేలిక. యాభై దాటినవాళ్ళకు ఆ కప్పీ తప్పకుండా కొనమంటాను.

దిగడానికి అసెన్షన్ విప్పి నడుముకు తగిలించుకుంటాను. కుడిచేయి గ్రిగ్రి కింద ఉన్న తాడు మీద, ఎడమచేయి దాని పిడి మీద. పిడిని మెల్లగా వెనక్కి లాగితే తాడు జారడం మొదలవుతుంది, వదిలితే ఆగుతుంది. స్ప్రెడర్ దగ్గర ఆగి అక్కడి వైరు చివర టేపు చూసుకోవచ్చు, మళ్ళీ కదలొచ్చు. ఎక్కడ ఎంతసేపు ఆగాలన్నది నా ఇష్టం. రెండు నిమిషాల్లో డెక్ మీద ఉంటాను. నేను ఈ సామాను పక్షం వహించడానికి కారణం ఇదే. అలసిన మనిషి నుంచి ఇది బలం అడగదు, శ్రద్ధ ఒక్కటే అడుగుతుంది. తాడు మీద ఉన్న కుడిచేయిని మాత్రం ఏ పరిస్థితిలోనూ తీయకూడదు. గ్రిగ్రి ఆగడానికి సాయపడుతుందే తప్ప చేతికి బదులు కాదు. కొత్తవాళ్ళు భయపడితే పిడిని గట్టిగా లాగేస్తారు, అప్పుడు ఇంకా వేగంగా జారతారు. ఇది తెలియకుండా ఎవరూ దాన్ని వాడకూడదు. గ్రిగ్రి 8.5 నుంచి 11 మిల్లీమీటర్ల తాళ్ళకే పనికొస్తుంది, అంతకంటే లావు హాల్యార్డ్‌లను దాంట్లో దూర్చొద్దు. తాడు మీద పని చేసే వృత్తివాళ్ళకోసం అదే కంపెనీ ఐడీ, రిగ్ అనే పరికరాలు చేస్తుంది. ఖరీదు ఎక్కువ. తరచూ ఎక్కేవాళ్ళు అటువైపు చూడండి.

డబ్బు మిగలాలని చూసేవాళ్ళకు ఒక మాట. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర అచ్చం అసెన్షన్ లాగే ఉండే జూమర్ మూడో వంతు ధరకు తెప్పించాను. పెట్టెలోంచి తీయగానే వెనక్కి పంపేశాను. క్యామ్ స్ప్రింగ్ వదులుగా ఉంది, పక్కకు వంచితే క్యామ్ పూర్తిగా మూసుకోవడం లేదు. ముద్రలేమో స్టిక్కర్ మీద ఉన్నాయి. అసలుదాని మీద ఈఎన్ 567 అన్నది, పట్టే తాడు మందం 8 నుంచి 13 మిల్లీమీటర్లు అన్నది లోహంలోనే చెక్కి ఉంటాయి. హార్నెస్‌కు ఈఎన్ 12277 చూడండి. ఈ అంకెలు అలంకారానికి కాదు. వాటి వెనుక ఒక ప్రయోగశాలలో బరువులు వేలాడదీసి, పడేసి చూసిన పరీక్షలున్నాయి.

ఇక రెండో తాడు. దీని మీద నేను బేరమాడను. మనల్ని మోసే తాడు ఒకటి, దానితో సంబంధం లేకుండా వేరే కప్పీ మీదుగా వచ్చే తాడు ఇంకొకటి. మాకు అది జిబ్ (ముందు తెరచాప) హాల్యార్డ్. మా ఆయన ఉంటే దాన్ని నా హార్నెస్‌కు కట్టి, నేను ఎక్కేకొద్దీ వదులు రాకుండా వించ్ మీద లాగుతూ ఉంటారు. ఎవరూ లేకపోతే దాన్ని డెక్‌కు బిగించి 6 మిల్లీమీటర్ల తాడు ఉచ్చుతో మూడు చుట్ల ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టేది) వేసి జరుపుకుంటూ వెళ్ళొచ్చు. ప్రూసిక్‌కు వాడే తాడు పెద్ద తాడు కంటే బాగా సన్నగా ఉండాలి, సమానంగా ఉంటే పట్టదు. మనం జారేటప్పుడు భయంతో ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుంటే అది బిగుసుకోదు, మనతోపాటే జారుతుంది. ముడిని పక్క నుంచి వేళ్ళతో తోయడమే తప్ప పిడికిలి బిగించకూడదు. ముళ్ళున్న జూమర్‌ను రెండో తాడు మీద రక్షణగా పెట్టేవాళ్ళను చూశాను, అది వద్దు. 4 నుంచి 6 కిలోన్యూటన్ల (దాదాపు 400 నుంచి 600 కిలోల బరువంత) కుదుపు వస్తే ఆ ముళ్ళు తాడు తొడుగునే చీల్చేస్తాయి. అది మెల్లగా ఎక్కడానికి చేసిన వస్తువు, పడే మనిషిని ఆపడానికి చేసింది కాదు.

మాస్ట్‌కు చుట్టుకునే పట్టీ గురించి రివ్యూల్లో ఎవరూ రాయరు. మరీనాలో పడవ నిలబడే ఉంటుంది కదా అనుకుంటారు. షిల్‌షోల్‌లో అలలను ఆపే గోడ అవతల ఒక పెద్ద మోటారు పడవ పోతే చాలు, దాని అల లోపలికి వస్తుంది. పడవ అయిదు డిగ్రీలు ఒరిగితే డెక్ మీద ఉన్నవాళ్ళు కాఫీ కప్పు కూడా పట్టుకోరు. 40 అడుగుల పైన అదే అయిదు డిగ్రీలు మూడున్నర అడుగుల ఊపు, అటు ఒకసారి, ఇటు ఒకసారి. తాడు మీద వేలాడే మనిషి మాస్ట్ నుంచి దూరంగా వెళ్ళి తిరిగొచ్చి మోకాళ్ళతో గుద్దుకుంటారు. తలకు హెల్మెట్ పెట్టుకోమని నేను పోరేది అందుకే.

మాది నల్లగొండ వైపు గౌడుల కుటుంబం. మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి వేసిన మోకు మీద వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ వదిలి గీత గీసి లొట్టి కట్టేవాడు. మాస్ట్ మీద నడుము పట్టీ చేసేదీ ఆ పనే, మనిషిని చెట్టుకు దగ్గరగా ఉంచి చేతులు ఖాళీ చేస్తుంది. కాకపోతే తాడిచెట్టుకు కొమ్మలుండవు, మాస్ట్‌కు మధ్యలో స్ప్రెడర్లు అడ్డం వస్తాయి. అక్కడ పట్టీ విప్పి పైన మళ్ళీ వేయాలి. అందుకే రెండు పట్టీలు కావాలి. పైది వేసి బిగించాకే కిందిది విప్పాలి. మోకు జారి పడి చనిపోయిన గీత కార్మికుల వార్త చదవని సంవత్సరం మా ఊళ్ళో ఎవరికీ లేదు. చెట్టును పట్టుకునే తాడు వేరు, మనిషిని పట్టుకునే తాడు వేరు. మోకు మొదటిదే చేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు హార్నెస్, తాళ్ళు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ ఫొటోలు చాలాసేపు చూశాను. నడుముకూ తొడలకూ పట్టే అలాంటి హార్నెసే నా దగ్గరా ఉంది. మా తాతకు అది దొరకలేదు. నడుము పట్టీ ఉంది కదా అని రెండో తాడు మానేసేవాళ్ళను చూస్తే నాకు కోపం వచ్చేది అందుకే.

హార్నెస్‌తో ఉన్న లోటు కూడా చెప్పాలి. సన్న పట్టీల స్పోర్ట్ హార్నెస్‌లో ఇరవై నిమిషాలు కదలకుండా వేలాడితే తొడలు మొద్దుబారతాయి. ఎక్కువసేపు కదలిక లేకుండా వేలాడటం ప్రమాదం కూడా, రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. పాదాల ఉచ్చులో అప్పుడప్పుడూ లేచి నిలబడాలి. యాంటెన్నా వైరు మార్చడం లాంటి పెద్ద పని ఉంటే కింద హార్నెస్ వేసుకుని, దానిపైన బోసన్ చెయిర్‌లో కూర్చుంటాను. కూర్చోవడానికి కుర్చీ, పట్టుకోవడానికి హార్నెస్. కుర్చీ కొన్న డబ్బు వృథా కాలేదు. ఈ రెండూ కలిపి ఒకే వస్తువుగా కావాలంటే స్పిన్‌లాక్ వాళ్ళు మాస్ట్ ప్రో అని పడవల కోసమే చేసిన హార్నెస్ అమ్ముతున్నారు. మెత్తలు వెడల్పు, పనిముట్లకు చోటు ఉంది. చేతిలో పట్టుకుని చూశాను, కుట్టు నచ్చింది. ఇంకా దాంట్లో వేలాడలేదు కాబట్టి దాని మీద తీర్పు ఇవ్వను.

ఉప్పు గాలి ఈ సామానుకు శత్రువు. ఎక్కిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, పడవలో కాకుండా ఇంటి దగ్గర పెడతాను. పడవ లాకర్లో డీజిల్, బ్యాటరీ యాసిడ్ ఉండే చోట నైలాన్ పట్టీలు పెట్టకూడదు. గుడ్డ, నైలాన్ వస్తువులకు పెట్జెల్ చెప్పే గరిష్ఠ ఆయుష్షు తయారైన తేదీ నుంచి పదేళ్ళు, వాడినా వాడకపోయినా. ఎండ, ఉప్పు తగిలే మన సామాను అంతకాలం ఆగకపోవచ్చు. కుట్టు రంగు వెలిసిందంటే నేను మార్చేస్తాను. పాత పడవతోపాటు ఉచితంగా వచ్చిన కుర్చీని, వయసు తెలియని హార్నెస్‌ను వాడకండి.

ఇదంతా మరీనాలో, గాలి లేని పొద్దున సంగతి. సముద్రం మధ్యలో మాస్ట్ ఎక్కడం వేరే విద్య. మన నౌకాదళం పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు మహిళా అధికారులు భూగోళం చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. 56 అడుగుల ఆ పడవ మాస్ట్ మా దానికంటే ఎంతో ఎత్తు. దక్షిణ మహాసముద్రంలో అలాంటి మాస్ట్ మీద ఏ సామాను పని చేస్తుందో చెప్పే అర్హత వాళ్ళకుంది, నాకు లేదు. హుస్సేన్ సాగర్‌లో చిన్న డింగీలు నడిపేవాళ్ళకైతే ఈ ఖర్చే అక్కర్లేదు. అక్కడ మాస్ట్‌నే విప్పి గడ్డి మీద పడుకోబెట్టి పని చేసుకోవచ్చు.

కింద నమ్మకమైన మనిషి ఎప్పుడూ ఉండి, ఏడాదికొకసారే ఎక్కేవాళ్ళకు మంచి బోసన్ చెయిర్, దానికింద హార్నెస్, రెండో తాడు చాలు. కింద ఎవరూ ఉండరు, శరీరం దృఢంగా ఉందంటే మాస్ట్‌క్లైంబర్. నాలాగా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి, అలసిపోయాక మెల్లగా జారి రావాలనుకుంటే అసెన్షన్, గ్రిగ్రి. ఆన్‌లైన్‌లో కొనేముందు ఏదైనా క్లైంబింగ్ సామాను దుకాణానికి వెళ్ళి హార్నెస్ వేసుకుని వేలాడి చూడండి. చాలాచోట్ల అందుకోసం పైకప్పు నుంచి ఒక తాడు కట్టి ఉంచుతారు. అయిదు నిమిషాలు వేలాడండి, జీన్స్ మీద కాదు, పడవలో వేసుకునే బట్టల మీద. తొడ పట్టీ లోపలి అంచు ఎక్కడ కోసుకుంటుందో అక్కడే తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక మొదటిసారి బూమ్ (పెద్ద చాప అడుగును పట్టే అడ్డదూలం) ఎత్తు దాటకుండా ఎక్కి, పూర్తి బరువు వేసి, గ్రిగ్రి పిడితో దిగడం ఎడమ కుడి చేతులకు అలవాటయ్యేదాకా చేయండి. బిల్లు మాత్రం అప్పటిదాకా దాచి ఉంచండి.